పాట మధ్యలో పాట

మేస్త్రిని ఆఖరిసారి చూసినప్పుడు ఆయన భుజం మీద తువ్వాలు లేదు. బిట్రగుంటలో ఆయన కార్లు బాగుచేసే షెడ్డు ముందరే బెంచీ వేసి, మెడ దాకా తెల్లపంచె కప్పి పడుకోబెట్టారు. నుదుట విభూతి. నేను నా పద్ధతిలో తల వంచి ప్రార్థన చేసుకుని కళ్లు తెరిచాక మొదట వెతికింది ఆ తువ్వాలునే. అది కనిపించకపోయేసరికి ఇంకెవరి ఇంటికో వచ్చినట్టనిపించింది.

ఆ తువ్వాలుకు ఒక భాష ఉండేది. మామూలుగా ఎడమ భుజం మీద ఉండేది. వేలంలో ఆయనకు ఒక వస్తువు కావాలనిపిస్తే దాన్ని తీసి కుడి భుజం మీద వేసుకునేవాడు. అంతే. చెయ్యెత్తడు, నోరు తెరవడు. చెన్నైలో, నెల్లూరులో వేలం వేసేవాళ్లకు ఆయన పేరు తెలియకపోయినా ఈ గుర్తు తెలుసు. రెండోసారి అని పిలిచే దాకా ఆయన కదలడు. రెండోసారికి, మూడోసారికి మధ్య ఉండే ఆ కొంచెం వ్యవధిలో తువ్వాలు భుజం మారేది. ముందే పాడితే మనిషి ఆశ ముఖంలో కనపడుతుందని, కనపడితే పక్కవాడికి కూడా ఆశ పుడుతుందని ఆయన లెక్క.

ఆయన పాడుకునేవి ఎక్కువగా కాగితాలు. పాత కార్ల కాగితాలు. కొత్తగా కారు బజారులోకి వచ్చినప్పుడు రంగుల బొమ్మలతో అచ్చువేసి పంచే పుస్తకాలు, కారుతో పాటు ఇచ్చే మాన్యువల్స్, టైర్లలో ఎంత గాలి ఉండాలో చెప్పే అట్టలు, మూతపడిన పెట్రోలు బంకుల క్యాలెండర్లు, తాళంచెవుల బిళ్లలు, బానెట్ మీద నుంచి ఊడొచ్చిన ఇత్తడి అక్షరాలు. కారు మాత్రం ఒక్కటీ లేదు. పాత మోపెడ్ మీద తిరిగేవాడు. ఈ విషయం మీద ఆయన భార్య నోరు మంచిది కాదు. "కారు కొనమంటే కారు బొమ్మ కొనుక్కొస్తాడు సారూ, రేపు నన్ను కూడా బొమ్మలోనే ఊరేగిస్తాడు" అనేది నాతో, ఆయన వింటూండగానే. ఆయన వినపడనట్టు చేతులు కడుక్కునేవాడు.

చేతులు కడుక్కోవడం గురించి చెప్పాలి. ముందు కిరసనాయిలు, తర్వాత రంపపు పొట్టు, ఆ తర్వాత సబ్బు. మూడు సార్లు కడిగి, ఎండలో ఆరబెట్టుకుని, అప్పుడు ట్రంకు పెట్టె తెరిచేవాడు. కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి ముందు వాసన చూసేవాడు. నేను చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యం చదివి పెరిగినవాణ్ణి, ముప్పై ఏళ్లుగా రైల్వే కాలనీలోని మా క్రైస్తవ సంఘానికి పెద్దగా ఉన్నవాణ్ణి. నా గ్రంథం అంచులకు కూర నూనె మరకలున్నాయి. ఆయన చేతుల శుద్ధి చూసినప్పుడల్లా నాకు సిగ్గు వేసేది, దాని వెనకే కొంచెం కోపం కూడా వచ్చేది. కాగితానికి ఇంత భక్తి ఏమిటని ఒకసారి అడిగేశాను. సృష్టించినవాణ్ణి వదిలి చేసిన వస్తువుకు మొక్కడం తప్పని ఆదివారం బడి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను కూడా.

"మొక్కడం లేదు సారూ, అడగతా ఉండాను" అన్నాడు. ఏమని అడుగుతున్నాడో చెప్పలేదు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకే మా పరిచయం. ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పూట, కొత్తగా పాడుకున్న పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. నేను ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాలి. అలవాటు కొద్దీ నా గొంతు ప్రసంగం చేసినట్టే పోయేది. రేడియేటరు నీళ్ల గురించి, బ్రేకు తీగల గురించి నేను అలా గంభీరంగా చెబుతుంటే ఆయన తువ్వాలు నడుముకు కట్టుకుని, అరుగు చివర కూర్చుని వినేవాడు. ఎవరైనా ఏదైనా చదువుతున్నా పాడుతున్నా, అది ఏ దేవుడిదైనా, భుజం మీద బట్ట ఉంచుకోకూడదని ఆయన నియమం. కార్లను కంపెనీల పేర్లతో పిలిచేవాడు కాదు. ముఖాలతో పిలిచేవాడు. ఒకటి కప్పమొహం, ఒకటి పళ్లికిలించేది, ఒకటి గాజుకళ్లది. "ఈ గాజుకళ్లదానికి ఎండాకాలం దప్పిక ఎక్కువ, ఏం రాసినాడో చూడండి" అనేవాడు. చూస్తే నిజంగానే ఆ పుట నీళ్ల గురించే ఉండేది.

ఎందుకు ఇవన్నీ అని నేను గట్టిగా అడగలేదు. అడగకపోవడం నా తప్పుల్లో ఒకటి. ఒక్కొక్కరికి ఒక పిచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

మా సంఘంలో ఏటా కోత పండుగ జరుగుతుంది. పంట ఉన్నవాళ్లు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెస్తారు. లేనివాళ్లు చేతనైనది తెస్తారు. ఆరాధన తర్వాత గుడి ఆవరణలో షామియానా కింద అన్నిటినీ వేలం వేస్తాం. గొంతు ఉందని ఆ పని నాకు అప్పగించారు. పాటలు పాడించేదీ నేనే, పాట పెట్టేదీ నేనే. మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఒకటోసారి, రెండోసారి అన్నాక ఆగి, అందరం కలిసి ఒక కీర్తన చరణం పాడతాం. దేవుని కోసం ఇంకొంచెం ఎక్కువ ఇవ్వాలనుకునే మనసుకు వ్యవధి ఇవ్వడం అది. ఆ చరణం సాగుతుండగా ఎవరైనా చెయ్యెత్తి పాట పెంచవచ్చు. చరణం చివర ఆమెన్, దాని వెంటనే మూడోసారి. రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి.

మేస్త్రి మా సంఘం మనిషి కాదు. వాళ్లది జువ్వలదిన్నెలో చేపలు పట్టే కుటుంబం, ఇంట్లో గంగమ్మకు మొక్కుతారు. అయినా ఏటా కోత పండుగకు తమ్ముడి దగ్గర నుంచి ఒక బుట్ట ఎండుచేపలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయేవాడు. వేలానికి ఎప్పుడూ ఉండలేదు. ఆరేళ్ల కిందట మొదటిసారి ఉన్నాడు.

ఆ ఏడు పాదిరిగారి ఇంటి కప్పు బాగుచేయించడానికి అటకల మీద సామానంతా కిందకి దించాం. అందులో ఒక ఇనప ట్రంకు పెట్టె. ఎప్పుడో మూతపడిన మిషను ఆసుపత్రి నుంచి వచ్చిన పాత కాగితాలు దాన్నిండా ఉన్నాయి. చదివే ఓపిక ఎవరికీ లేదు. పెట్టెతో సహా పాట పెట్టేద్దామని కమిటీలో అనుకున్నాం. గడియ విరిగిపోయి మూత సరిగా పడకపోతే తాడు కట్టి బల్ల మీద ఉంచాం. బుట్ట దించి వెళ్లబోతున్న మేస్త్రి ఆ బల్ల దగ్గర ఆగాడు. కాసేపటికి చూస్తే చివరి వరుసలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, తువ్వాలు ఎడమ భుజం మీద.

పెట్టెను స్టేషను గేటు దగ్గర వడలు వేసే అక్క పాడింది. పిండి పోసుకోవడానికి ఆమెకు ఒక పెట్టె కావాలి. ఇంకెవరూ పోటీ రాలేదు. ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. చరణం ఎత్తుకున్నాను. నేను పాడేటప్పుడు కళ్లు మూసుకుంటాను. ఆమెన్, మూడోసారి, అని గంట కొట్టి కళ్లు తెరిచేసరికి చివరి వరుసలో మేస్త్రి నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి ఉన్నాడు. తువ్వాలు నడుముకు కట్టి ఉంది.

ఆయన ముందుకు వచ్చాడు. నా దగ్గరగా వచ్చి, "సారూ, నా పాట మిగిలిపోయినాది" అన్నాడు.

"మరి అందరం పాడుతున్నప్పుడు చెయ్యెత్తాల్సింది గదా మేస్త్రీ."

"పాట మధ్యలో పాట ఎట్టా పాడేది సారూ?"

ముందు వరుసలో వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు, నా ముఖం వైపే చూస్తున్నాడు. మళ్లీ ఒకసారి పిలవమని ఆ చూపుకు అర్థం. నాకు అర్థమైంది. అర్థమయ్యే చెప్పాను: "మూడోసారి అనేశాను. దేవుని సన్నిధిలో అన్న మాట వెనక్కి తీసుకోకూడదు."

ఆయన తల ఊపాడు. నడుము నుంచి తువ్వాలు విప్పి భుజం మీద వేసుకుని మోపెడ్ దగ్గరకు నడిచాడు. మాట తప్పనందుకు ఆ పూట నేను తృప్తిగా భోంచేశాను.

తర్వాతి రెండు ఆదివారాలు ఆయన మా ఇంటికి రాలేదు. బజారులో ఆయన భార్య కనిపించి, ఈ మనిషికి కొత్త రోగం పట్టుకుందని చెప్పింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్టేషను గేటు దగ్గరకు పోయి వడలు తింటున్నాడట. కడుపులో మంట, డాక్టరు నూనె వస్తువు ముట్టొద్దన్నాడు, అయినా ఆగడం లేదట. మీరన్నా చెప్పండి సారూ అంది. ముసలితనంలో నాలుక చపలత్వం అనుకున్నాను నేను.

మూడో ఆదివారం గుడ్డ మూటతో వచ్చాడు. చేతులు కడుక్కుని విప్పాడు. నూనె పీల్చుకుని అద్దాల్లా అయిపోయిన కాగితాలు. ఒక్కొక్కదాన్నీ రంపపు పొట్టులో అద్ది ఆరబెట్టినట్టున్నాడు. ఏదో పాత కారు మాన్యువల్ పుటలు. ఇంగ్లీషు అచ్చు పక్కన ఖాళీలో పెన్సిలుతో తెలుగు అక్షరాలు. ఎడమ అంచున వల అల్లే దారంతో కుట్టిన కన్నాలు, ఒకటి రెండు చోట్ల ఇంకా ముడి కూడా ఉంది.

అప్పుడు చెప్పాడు. ఆయన నాన్న పడవ వదిలి మిషను ఆసుపత్రిలో దొరసాని డాక్టరమ్మకు కారు డ్రైవరుగా చేరాడు. ఇంగ్లీషు రాదు. డాక్టరమ్మ మాన్యువల్ చదివి వచ్చీరాని తెలుగులో చెబితే, ఆయన పక్కన పెన్సిలుతో రాసుకునేవాడు. పుస్తకం అట్ట ఊడిపోతే వలదారంతో, వల ముడితోనే కుట్టుకున్నాడు. కారును అమ్మేసినప్పుడు పుస్తకం ఎటు పోయిందో తెలియలేదు. నాన్న చేతి రాత ఆ ఇంట్లో ఇంకెక్కడా లేదు. నలభై ఏళ్లుగా కార్ల కాగితాలు ఎక్కడ పాట పెట్టినా ఈయన వెళ్లింది అందుకోసం. వెళ్లిన చోట అది దొరక్క, దొరికింది తెచ్చుకున్నాడు. కోత పండుగ నాడు ట్రంకు పెట్టె మూత సందులో ఆ కుట్టు కనిపించింది.

పోగొట్టుకున్న ఒక్క నాణెం కోసం దీపం పెట్టి ఇల్లంతా ఊడ్చిన స్త్రీ కథ నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆవిడే మేస్త్రి రూపంలో నా ఎదురుగా వచ్చి నిలబడితే గంట కొట్టి పంపేశాను.

"వడలక్కను అడిగి ఉంటే ఇచ్చేది గదా" అన్నాను.

"దేవుడి దగ్గర పాడుకున్న వస్తువు సారూ. మాట మార్చకూడదని మీరే అంటిరి. అడిగితే మార్చమన్నట్టే గదా." కాగితాల అంచులు సరిచేశాడు. "వడతో పాటు నా చేతికి వస్తే మాత్రం అది నాదే. ఆ మాట ఆలోచించుకునే పోయినాను."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషను గేటుకు పరుగెత్తాను. ఆమె మా సంఘం బిడ్డే, నా చేతుల మీదుగా వాక్యం నేర్చుకున్నదే. పుస్తకం కాగితం మందంగా ఉందని, వడలు చుట్టడానికి బాగుంటుందని ముందు దాన్నే చింపానంది. పెట్టె అడుగున ఆసుపత్రి చీటీలు తప్ప ఏమీ మిగల్లేదు. సంగతి విని ఆమె పొయ్యి ఆర్పేసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. రోజూ వచ్చి రెండు వడలు రెండు పొట్లాలుగా కట్టమంటుంటే, పెద్దాయన చాదస్తం అనుకున్నానయ్యా అంది.

పదకొండు పుటలు దక్కాయి. తిరిగి వచ్చేసరికి మేస్త్రి అరుగు మీదే ఉన్నాడు, తువ్వాలు నడుముకు కట్టుకుని. తెలుగు ఆయనకు చదవడం వచ్చు. అయినా నన్నే చదవమన్నాడు. నేను చదివాను. ఎండాకాలము నీళ్లు దినమూ చూడవలెను. ఇసుక దారిలో గేరు మార్చరాదు. రోగి ఉన్నప్పుడు గుంటలలో మెల్లగా. అలాంటివే అన్నీ. ఎనిమిదో పుట హారను గురించి. దాని పక్కన పెన్సిలు చాలా పలచబడి ఉంది, వెలుతురుకు పట్టి చూడాల్సి వచ్చింది. అబ్బాయికి హారను అంటే ఇష్టము, దొరసాని గారు లేనప్పుడు నొక్కనివ్వవలెను.

"ఇంకోసారి" అన్నాడు మేస్త్రి.

రెండోసారి చదివాను. మూడోసారి అడగలేదు. మూట కట్టుకుని లేచాడు.

నేను క్షమాపణ అడిగాను, ఆ రోజూ, తర్వాత చాలా రోజులూ. ఒక్క నిష్ఠూరపు మాట అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "మీరు అన్న మాట మీద నిలబడినారు సారూ. మా నాయనా అంతే" అనేవాడు. నిజాయితీ అంటే మాట మార్చకపోవడమేనని నేను జీవితమంతా నమ్మాను, పది మందికి బోధించాను. ఆ మాట ఎవరి మీద పడుతోందో కళ్లు తెరిచి చూడాలని నాకు తోచలేదు. చరణం అయ్యాక కాసేపు ఊరికే ఆగాలని కమిటీలో ప్రతిపాదించి ఒప్పించాను. మరుసటి ఏడు మేస్త్రి ఎండుచేపల బుట్ట పెట్టి, చివరి వరుసలో కూర్చుని, కీర్తనకు లేచి నిలబడి, ఏమీ పాడుకోకుండా వెళ్లాడు. ఆ తర్వాత ఏ వేలానికీ వెళ్లలేదని ఆయన భార్య చెప్పింది.

పోయే ముందు ఆయన చెప్పిన మాట ఒకటే. ఆ కాగితాలను చెదలకు వదలొద్దు, పాట పెట్టండి, సారు పాడిస్తాడు.

కర్మకాండ అంతా అయ్యాక, మొన్న ఒక శనివారం ఉదయం, షెడ్డులోనే పెట్టాం. నెల్లూరు నుంచి ఇద్దరు, చెన్నై నుంచి నలుగురు వచ్చారు. అందరూ వేలాల్లో ఆయన పక్కన కూర్చున్నవాళ్లే. చెన్నై వాళ్లలో పెద్దాయన ఒకడు, నెరిసిన మీసం, అరవం కలిసిన తెలుగు. టవలు మారిందంటే మేము చెయ్యి దించేసేవాళ్లం సార్, ఆయనకు కావాలంటే ఇక వదలడు అని చెప్పి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కప్పమొహం పోయింది, పళ్లికిలించేది పోయింది, ఇత్తడి అక్షరాలు పోయాయి. గాజుకళ్లదాన్ని నెల్లూరు అబ్బాయి కళ్లకద్దుకుని తీసుకున్నాడు. మేస్త్రి భార్య లోపలి గుమ్మంలో, నేల మీద కూర్చుని ఒక్కోటి వెళ్తుంటే చూస్తోంది. ఆమె అలా ఊరుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

చివరికి గుడ్డ మూట వచ్చింది. ఆమే లోపల నుంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇది వద్దమ్మా అన్నాను మెల్లగా. అన్నీ అన్నాడు గదా సారూ అంది. విప్పాను. పదకొండు పుటలను మళ్లీ వలదారంతో కుట్టాడు. అదే ముడి.

నూనె మరకల కాగితాలని ఎవరూ అడగరనుకున్నాను. చెన్నై పెద్దాయన వంగి చూసి, డ్రైవరు చేతి రాతతో ఉన్నవి ఎక్కడా దొరకవు సార్ అని, పెద్ద మొత్తమే చెప్పాడు. ఇంకెవరూ పెంచలేదు.

ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. అది గుడి కాదు, వచ్చినవాళ్లు మా సంఘం కాదు. అయినా నా నోటికి చరణం వచ్చేసింది. ఒక్కణ్ణే పాడాను. ఈసారి కళ్లు మూసుకోలేదు. చెన్నై వాళ్లు ఏమీ అర్థం కాకపోయినా లేచి నిలబడ్డారు. పాట పూర్తయింది. ఆమెన్ అని ఊరుకున్నాను. ఆ కోత పండుగ నాడు ఆగవలసినంత సేపు ఆగాను. రోడ్డు మీద ఏదో లారీ వెళ్లింది. ఎవరో దగ్గారు. నేను ఆగే ఉన్నాను.

"పాట అయిపోయినాదా సారూ?" గుమ్మంలో నుంచి ఆమె అడిగింది.

"అయిపోయిందమ్మా."

"అయితే నేను పాడతా ఉండాను."

చెన్నై పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఇంటివాళ్లు పాడకూడదు సార్. రూలు ఉంది కదా."

"ఉంది" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, ఆమెను చూశాడు. తర్వాత మీసం సవరించుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఎంతకు పాడుతున్నదో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. మూడోసారి అన్నాను.